ఆగ్నేయం మూల పిల్లరు

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు, గోడ మీద ఉన్న పాత డ్రాయింగులు చూస్తారు, చివరికి "మీ రోజుల్లో ఎలా ఉండేదండీ?" అని అడుగుతారు. బాగుండేదని నా చేత అనిపించుకుని వెళ్ళాలని వాళ్ళ ఆశ. నేను అనను. పాపం, మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతారు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పలేని సంగతులు కొన్ని ఉన్నాయి కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

నేను కట్టించిన భవనాల జాబితా ఇందులో ఉండదు. వాటిలో సగం ఇప్పటికే పడగొట్టి అపార్టుమెంట్లు కట్టేశారు. ఎవరి దగ్గర పనిచేశాను, ఎవరితో కలిసి ఆఫీసు పెట్టాను, ఎలా విడిపోయాను అన్నదే రాస్తాను. ఈ పనిలో గీత గీయడం చిన్న భాగం. ఎవరి పక్కన నిలబడి గీస్తున్నామన్నది పెద్ద భాగం. కాలేజీలో ఆ సంగతి చెప్పరు. పాఠాలు చెప్పే మాస్టర్లలో చాలామంది ఎప్పుడూ ఎవరి పక్కనా నిలబడి ఉండరు.

నా పేరు జోసెఫ్ రత్నం. మా నాన్న గుడివాడ వైపు ఒక మిషన్ బడిలో డ్రాయింగు మాస్టారు. నేను మద్రాసులో ఆర్కిటెక్చర్ చదివి డెబ్బైల మొదట్లో బెజవాడ వచ్చాను. అప్పటికి ఊళ్ళో ఆర్కిటెక్టు అన్న మాట తెలిసినవాళ్ళే తక్కువ. ఇల్లు కట్టాలంటే మేస్త్రి, పెద్ద భవనమైతే ఇంజనీరు, ముహూర్తానికి సిద్ధాంతి. ఈ ముగ్గురి మధ్య నా కుర్చీ ఎక్కడ వేయాలో ఎవరికీ తెలిసేది కాదు. ఒక రైతు నన్ను పరీక్షగా చూసి, "అంటే మేస్త్రికి ఎక్కువ, ఇంజనీరుకి తక్కువ అన్నమాట" అన్నాడు. అంతకంటే మంచి నిర్వచనం నాకు తర్వాత కూడా దొరకలేదు.

వీరభద్రయ్యగారు

మొదట చేరింది వీరభద్రయ్యగారి దగ్గర. ప్రభుత్వంలో సూపర్‌వైజరుగా చేసి రిటైరై, గవర్నరుపేటలో ఒక మేడమీద ఆఫీసు పెట్టుకున్నారు. ఆయన నన్ను ఉద్యోగి అనలేదు, పార్ట్‌నర్ అన్నారు. ఆ మాటకు నేను పొంగిపోయాను. మూడేళ్ళు గడిచాక గాని నాకు అర్థం కాలేదు, పార్ట్‌నర్ అంటే ఆయన భాషలో సెలవు అడగనివాడు అని.

నేను గీసేవాణ్ణి, ఆయన సంతకం పెట్టేవారు. బోర్డు మీద ఆయన పేరే. ఒక సినిమా హాలు మొత్తం నేను గీశాను. మెట్లు ఎటు తిరగాలి, బాల్కనీ నుంచి తెర ఎలా కనిపించాలి, ఆట వదిలాక జనం ఎటు పోవాలి అని నిద్రపోకుండా ఆలోచించి గీశాను. ప్రారంభం రోజున ఆయన మెడలో మూడు దండలు పడ్డాయి. నన్ను గేటు దగ్గర హాలువాళ్ళు ఆపి, "మీరెవరండీ?" అన్నారు. ఆయన లోపలి నుంచి చూశారు. చూసి, దండ సర్దుకున్నారు.

ఆయన మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. పునాది గుంట తవ్వితే ఆ ముసలాయన స్వయంగా అందులోకి దిగేవారు. పంచె పైకి కట్టి, నిచ్చెన లేకపోతే మేస్త్రి భుజం పట్టుకుని దిగేవారు. గునపంతో నాలుగు మూలలా పొడిచి, మట్టి పిడికిట్లో నలిపి చూసేవారు. డెల్టా నేల నమ్మదగింది కాదు. పైన ఎండకు నోళ్ళు తెరిచే నల్లరేగడి, కింద నీళ్ళు, మధ్యలో ఎప్పుడో పారిన కాలువ తాలూకు ఇసుక. ఆయన పైకొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "రత్నం, గుంట నువ్వు చూడకుండా కాంక్రీటు పోయనిచ్చావో, నీ డ్రాయింగు పకోడీల పొట్లానికి కూడా పనికిరాదు" అనేవారు.

ఈ ఒక్క మాట ఆయన దగ్గర నేర్చుకున్నాను. నేర్చుకున్నానని అనుకున్నాను.

మగ్గం గది

అక్కడ ఉండగానే మంగళగిరిలో ఒక నేతకారుడి ఇల్లు గీశాను. నా అప్పటి వయసు చూసి నవ్వుకోండి, ఆ ఇంటికి మగ్గం గదే గుండెకాయ అని తీర్మానించి, ఉత్తరం వైపు నిలువెత్తు కిటికీలు రెండు పెట్టాను. వెలుగు, గాలి ధారాళంగా వచ్చేట్టు. చాలా గొప్పగా ఉందని నాకు నేనే అనుకున్నాను.

గృహప్రవేశమైన నెలకు వెళ్తే రెండు కిటికీలకూ గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. ఇంటాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. ఇదేమిటని అడిగితే మొహమాటపడ్డాడు. ఆయన భార్య మాత్రం మొహమాటపడలేదు.

"గాలొస్తే పోగు ఆరిపోయి తెగుద్దండి. గది చెమ్మగా ఉండాల. మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్ళం గదండీ."

అడగలేదు. ఆ ఇంట్లో ఇద్దరూ పుట్టిన దగ్గర్నుంచి మగ్గం మీదే బతుకుతున్నారు. నేను మద్రాసులో పుస్తకాలు చదివి వచ్చాను. మళ్ళీ వెళ్ళి ఆ కిటికీలు సగానికి ఇటుకతో మూయించి వచ్చాను. ఆవిడ మజ్జిగ ఇచ్చి, "ఏమనుకోకండి" అంది.

ఆరడుగుల బోర్డు

వీరభద్రయ్యగారిని వదిలేసి ప్రసాద్‌తో కలిసినప్పుడు నాకు ముప్పై నిండలేదు. ప్రసాద్ సివిల్ ఇంజనీరు, నా ఈడువాడే. మనిషి కలుపుగోలు. పటమట వైపు వాళ్ళకు పొలాలు, ఊరంతా చుట్టాలు. ఎవరింట్లో పెళ్ళైనా అతను ముందు వరసలో ఉండేవాడు, తిరిగొచ్చేటప్పుడు ఒక పని పట్టుకొచ్చేవాడు. నాకు చుట్టాలంటే బడిపంతుళ్ళు, నర్సులు, ఇద్దరు పాస్టర్లు. వాళ్ళెవరూ మేడలు కట్టరు.

పని పంచుకున్నాం. గీయడం నాది, కట్టించడం అతనిది. బోర్డు మీద రెండు పేర్లూ ఉండాలన్నాను. అతను వెంటనే ఒప్పుకున్నాడు. బోర్డు వచ్చాక చూస్తే "ప్రసాద్ అండ్ రత్నం" అని ఉంది.

"జోసెఫ్ ఏదీ?" అన్నాను.

"చోటు సరిపోలేదు రత్నం. అయినా రత్నం అంటే బాగుంది గదా, ముద్దుగా."

బోర్డు ఆరడుగులుంది. చోటుకు కొదవ లేదు. శంకుస్థాపనలకూ గృహప్రవేశాలకూ పిలిచే ఇళ్ళలో ఆ పేరు గురించి ఎవరూ ఆరా తీయకుండా ఉంటే పని సులువవుతుందని అతనికి తెలుసు, నాకూ తెలుసు. ఊరుకున్నాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, అది కూడా రాయాలి.

నాలుగేళ్ళు బాగా నడిచింది. అబద్ధం ఎందుకు, ఆ నాలుగేళ్ళూ నేను సంతోషంగా ఉన్నాను. ప్రసాద్‌తో పని చేస్తుంటే నవ్వొచ్చేది. సైటులో పోట్లాడుకుని, బందరు రోడ్డు మీద ఇడ్లీ తిని రాజీపడేవాళ్ళం. అతను చెడ్డవాడని మీరు అనుకుంటే నాకు సులువుగా ఉండేది. చెడ్డవాడు కాదు. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేని మనిషి. అలాంటివాడు నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు ఎప్పుడూ రేపు చెబుతాడు.

నర్సింగ్ హోమ్

బెంజ్ సర్కిల్ దాటి ఆటోనగర్ వైపు వెళ్ళే దారిలో అప్పట్లో పొలాలు మెల్లగా స్థలాలవుతున్నాయి. ప్రసాద్ దూరపు చుట్టం ఒకావిడ, డాక్టరు, అక్కడ ప్రసూతి ఆసుపత్రి కట్టిస్తానంది. స్థలం ఆవిడ మామగారిది. ఆయనను అందరూ పెద్దాయన అనేవారు, నేనూ అలాగే రాస్తాను. ఆయన ఆ నేలలో నలభై ఏళ్ళు వరి పండించాడు.

డాక్టరమ్మ నాకు నచ్చింది. కట్టించేవాళ్ళు సాధారణంగా బయటి మొహం ఎలా ఉంటుందో అడుగుతారు. ఈవిడ నొప్పులు పడుతున్న మనిషిని మంచం మీంచి బల్ల మీదకు ఎన్ని అడుగులు మోయాలి అని అడిగింది. నేను మూడుసార్లు గీసి ఆ దూరం తగ్గించాను. ఆగ్నేయం మూలన కింద పురుళ్ళ గది, దాని పైన పన్నెండు మంచాల వార్డు. పని అయ్యాక గుమ్మం దగ్గర పాలరాతి మీద కట్టినవాళ్ళ పేర్లు వేయిస్తానని, అందులో నా పేరు ముందు ఉంటుందని డాక్టరమ్మ తనంతట తానే అంది.  అంతవరకు నేను గీసిన దేని మీదా నా పేరు లేదు.

మంచి ముహూర్తం గురువారం పడింది. ఆషాఢం వచ్చేస్తోంది, అది తప్పితే మళ్ళీ శ్రావణం దాకా ఆగాలి. గుంటలన్నీ ముందే తవ్వేశారు. శంకుస్థాపన ఈశాన్యం మూలన జరిగింది. జనమంతా అక్కడే. ఆగ్నేయం మూల గుంట మీద తాటాకులు కప్పి ఉన్నాయి. నేను అటువైపు వెళ్ళలేదు. మళ్ళీ వారం సైటుకు వెళ్ళేసరికి అన్ని గుంటల్లోనూ అడుగున బెడ్ కాంక్రీటు వేసేశారు.

"నన్ను చూడనివ్వకుండా ఎందుకు వేశారు?" అని ప్రసాద్‌ను అడిగాను.

"వానొస్తే గుంటలు కూలిపోవూ? నేను చూశాన్లే. గట్టి నేల."

అప్పుడే పగలగొట్టించి చూడాల్సింది. పాలరాతి పలక గుర్తొచ్చి ఊరుకున్నాను.

గాజు ముక్కలు

ఆసుపత్రి తెరిచిన మొదటి వానాకాలంలోనే పురుళ్ళ గది గోడకు నెర్రె వచ్చింది. తలుపు పైమూల నుంచి కప్పు దాకా ఏటవాలుగా. సున్నం నెర్రె కాదు. సున్నం నెర్రె గోడ మీద ఇష్టమొచ్చినట్టు పాకుతుంది. ఇది ఒకే దారిన, పిల్లరు వైపుకు పోతోంది. నేను నెర్రె మీద మూడు చోట్ల సన్నటి గాజు ముక్కలు సిమెంటుతో అతికించాను. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. కదిలితే పగులుతుంది.

పదో రోజున మూడూ పగిలాయి.

ప్రసాద్‌ను ఆఫీసులో కూర్చోబెట్టి తలుపు వేశాను. మొదట నీళ్ళు నమిలాడు. తర్వాత చెప్పాడు.

"అక్కడ నుయ్యి ఉండేది. మోటారు నుయ్యి. ఆగ్నేయంలో నుయ్యి పనికిరాదని సిద్ధాంతి అంటే, ప్లాను గీయించకముందే పూడ్పించేశారు. దాని మాట ఎత్తొద్దన్నారు."

"గుంట తవ్వినప్పుడు నీకు కనపడిందా?"

"కనపడింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ముహూర్తం ఆపేవాడివి. ఆపవా?"

ఆపేవాణ్ణే. ఒక్క పిల్లరు నాలుగడుగులు జరిపి ఉంటే సరిపోయేది. నా బల్ల దగ్గర ఒక్క పూట పని. దానికి బదులు పన్నెండు మంది బాలింతలు, వాళ్ళ బిడ్డలు, కింద కానుపు గది, అన్నీ కలిసి పూడ్చిన నూతి మీద నిలబడి ఉన్నాయి.

నాలుగు వాక్యాలు

ఆ సాయంత్రమే డాక్టరమ్మ గదిలో కూర్చున్నాం. ఆవిడ, పెద్దాయన, ప్రసాద్, నేను. పై వార్డు వెంటనే ఖాళీ చేయించాలని, ఆ పిల్లరుకు ఆనుకుని కొత్త పునాది వేయాలని చెప్పాను. నూతి సంగతి డాక్టరమ్మకు అప్పుడే తెలిసింది. ఆవిడ మామగారి వైపు చూసింది. ఆయన నావైపు చూశాడు.

"ఖాళీ చేస్తే జనానికి ఏం చెప్పమంటావయ్యా ఇంజనీరూ?"

"ఉన్నదే చెప్పండి. నుయ్యి ఉందని."

"నీకు తెలవదు. ఆగ్నేయంలో నుయ్యే తప్పు. దాన్ని పూడ్చి, దానిమీద పురుళ్ళ గది కట్టారంటే ఒక్క ఆడకూతురు ఈ గడప తొక్కుద్దా? ఇక్కడ పుట్టిన పిల్లకి జలుబు చేసినా నూతి మీదకే తోసేస్తారు."

"మావయ్యగారూ, ముందు వార్డు ఖాళీ చేయిద్దామండీ. మిగతాది తర్వాత చూసుకోవచ్చు" అంది డాక్టరమ్మ.

"కారణం చెప్పకుండా తలుపు మూస్తే ఇంకా పుకార్లు పుడతాయమ్మా. కుదరదు."

అప్పుడు ప్రసాద్ నోరు విప్పాడు. నావైపు చూడకుండా, బల్ల మీది పేపర్‌వెయిట్ తిప్పుతూ అన్నాడు. "డ్రాయింగులో చిన్న పొరపాటు జరిగిందని చెబుదామండి. ఆ మూల బరువు లెక్క తక్కువ పడిందని. అలాంటివి ఎక్కడైనా ఉంటాయి. సరిచేస్తున్నామంటే జనం నమ్ముతారు."

"ఎవరి డ్రాయింగు ప్రసాద్?" అన్నాను.

దానికి జవాబు పెద్దాయన చెప్పాడు. "నువ్వు రాసిస్తే రేపు పొద్దున్నే ఖాళీ చేయిస్తా. ఖర్చంతా మేమే పెట్టుకుంటాం. లేదంటే పైపూత వేయించుకుని, దేవుడి మీద భారం వేసి కూర్చుంటాం."

నేను లేచి వెళ్ళిపోవచ్చు. మున్సిపాలిటీకి రాయొచ్చు. వాళ్ళు వచ్చి చూసి తేల్చేసరికి వానాకాలం అయిపోతుంది. అప్పటికి ఆ మూల ఉంటుందో ఉండదో. పక్కగదిలో ఎవరికో నొప్పులు వస్తున్నట్టున్నాయి, ఉండుండి అరుపు వినిపిస్తోంది. డాక్టరమ్మ లేచి వెళ్ళింది. ఆవిడ వెళ్ళింది ఆ గోడ పక్కకే.

కాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాశాను. ఆగ్నేయం మూల పిల్లరు బరువు లెక్క నేను వేశానని, అందులో పొరపాటు నాదేనని, మరెవరికీ సంబంధం లేదని, సరిచేసే పద్ధతి కూడా నేనే ఇస్తున్నానని. సంతకం దగ్గర చాలా ఏళ్ళ తర్వాత జోసెఫ్ రత్నం అని పూర్తిగా రాశాను. ఎందుకో తెలియదు. పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "పెద్దమనసు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు చెంపదెబ్బలా గుర్తుంది.

ఏడు ఒరలు

మర్నాడు పొద్దున్నే వార్డు ఖాళీ అయింది. పెద్దాయన మాట తప్పలేదు.

నుయ్యి సరిగ్గా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకుండా పక్కన తవ్వితే ఉన్న నేల కూడా జారిపోతుంది. ప్రసాద్‌కు సరిగా గుర్తులేదు. మేస్త్రిని నిలదీస్తే, దాన్ని పూడ్చింది ఏసోబని, పెద్దాయన పొలంలో పనిచేసే మనిషని చెప్పాడు. ఏసోబుకు యాభై దాటి ఉంటాయి. వచ్చి, చెప్పులు విడిచి, గోడ వెంట నడిచి, గునపంతో నేల మీద గుండ్రంగా గీత గీశాడు. నేను ఎన్ని కొలతలు తీసుకున్నా అంత సరిగ్గా గీయలేను.

"ఏడు ఒరల నుయ్యండి, ఏడు సిమెంటు చుట్లు. పై మూడు ఒరలు లేపేశాం. కింద నాలుగూ అట్టాగే ఉన్నయి."

"దేంతో పూడ్చారు?"

"ఒక్క పొద్దులో అవగొట్టమన్నారండి. ఊక బూడిద, పెంకుముక్కలు, గట్టు మట్టి, ఏది దొరికితే అది."

నలభై రోజులు పట్టింది. ఆటోనగర్ షెడ్ల నుంచి లారీలు ఎత్తే జాకీలు తెచ్చి పై దూలాన్ని మోయించాం. నూతికి అటూ ఇటూ గట్టి నేల తగిలేదాకా తవ్వి కాంక్రీటు దిమ్మెలు కట్టాం. వాటిమీద అడ్డంగా దూలం వేసి, పిల్లరు బరువును దాని మీదకు ఎక్కించాం. ప్రతి గుంటలోకీ నేను దిగాను. ఏసోబు ముందు దిగి, నాకు చెయ్యి ఇచ్చి దింపేవాడు. ఇంతవరకు ఆ గోడ మళ్ళీ కదల్లేదు. నా పనుల్లో బాగా కుదిరింది ఏదంటే అదే చెబుతాను. అది నేలకింద ఉంది, ఎవరికీ కనపడదు.

రెండో బ్లాకు

పని ముగిసిన నెలకు ప్రసాద్ విడిపోదామన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. "నీ పేరు బోర్డు మీద ఉంటే కొత్తవాళ్ళు భయపడుతున్నారు రత్నం. నేను అనడం కాదు, జనం అంటున్నారు." ఏ జనం అని అడిగాను. ఊళ్ళో అందరికీ తెలుసన్నాడు. నిజమే, అందరికీ తెలుసు. పెద్దాయన ఆ కాగితాన్ని దాచుకోలేదు. దాచుకోవడానికి రాయించలేదు కదా.

పాలరాతి పలక ఎలాగూ వేయలేదు. మూడేళ్ళకు వెనక స్థలంలో రెండో బ్లాకు మొదలైంది. ప్రసాద్‌కు ఇచ్చారు. నేను ఉండబట్టలేక డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. పేషెంట్లు ఉన్నారు, అయినా లోపలికి పిలిచింది.

"రత్నంగారూ, మీరేం చేశారో నాకు తెలుసండీ. ఆ గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ గుర్తుచేసుకుంటాను."

"మరి పని ప్రసాద్‌కు ఎందుకిచ్చారండీ?"

"మా వాళ్ళందరూ మీరు రాసిచ్చిన కాగితం చూశారు. లెక్క తప్పానని మీరే రాశారు. ఇక నేనేం చెప్పను?"

"నిజం చెప్పొచ్చు కదండీ."

 బయట బెంచీల మీద కడుపుతో ఉన్న ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఆవిడ అటు చూసి, "చెబితే వీళ్ళు ఎక్కడికి వెళ్తారండీ?" అంది.

లేచి వచ్చేశాను. ఆ తర్వాత పాతికేళ్ళు ఇంట్లోనే బల్ల వేసుకుని ఇంజనీర్లకు డ్రాయింగులు గీసిచ్చాను. సంతకాలు వాళ్ళవి. మళ్ళీ ఎవరితోనూ బోర్డు పెట్టలేదు.

పిల్లలకు సలహా అంటే ఇంతే. పార్ట్‌నర్‌ను ఎంచుకునేటప్పుడు అతని చదువు చూడకండి, చుట్టరికం చూడకండి. చెడ్డవార్త మీకు ఏ రోజున చెబుతాడో చూడండి. అందరూ బాగుండాలని మీ ఒక్కరి చేత సంతకం పెట్టమంటే, ఆ అందరిలో మీరు లేరని తెలుసుకుని పెట్టండి. నేను తెలియకుండా పెట్టాను.

రాయని మాట

ఇక్కడితో ఆపేస్తే ఈ కథలో నేను మంచివాడిగా మిగిలిపోతాను. మా ఇంట్లో చెప్పేటప్పుడు కూడా ఎప్పుడూ ఇక్కడితోనే ఆపేవాణ్ణి. మా ఆవిడ ప్రసాద్‌ను, పెద్దాయనను, డాక్టరమ్మను వరసగా తిట్టేది. నేను వింటూ కూర్చునేవాణ్ణి.

శంకుస్థాపన రోజు ఏసోబు నా దగ్గరకు వచ్చాడు.

ఈశాన్యం మూలన పూజ జరుగుతోంది. నేను పెద్దాయన పక్కన నిలబడి ఉన్నాను. నా చేతిలోనూ అక్షింతలు పెట్టారు. ఏసోబు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, జనం మధ్య నుంచి వచ్చి, "వందనాలయ్యగారూ" అన్నాడు.

చర్చికి వెళ్ళే మావాళ్ళు తప్ప ఆ మాట అలా ఎవరూ అనరు. పెద్దాయన తల తిప్పి చూశాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు చూశారు. అప్పటిదాకా వాళ్ళకు నేను రత్నంగారిని, అంతే. తెలిస్తే వాళ్ళు ఏమీ అనేవాళ్ళు కాదేమో. ఎన్నిసార్లు ఆలోచించినా ఏమీ అనేవాళ్ళు కాదనే అనిపిస్తుంది. భయం వాళ్ళది కాదు, నాది.

"అయ్యగారూ, ఒక్కసారి ఆ మూలకి రండి. ఆ గుంట చూసి పోండి" అన్నాడు.

ఆగ్నేయం మూల అక్కడికి యాభై అడుగులు కూడా లేదు. ఏసోబును నేను ఎరుగుదును. ఆదివారం ఆదివారం చర్చిలో వెనక చాప మీద కూర్చునేవాడు. ఎరగనట్టు చూశాను. "తర్వాత చూద్దాంలే. మేస్త్రికి చెప్పుకో" అన్నాను. అతను ఒక క్షణం నిలబడ్డాడు. తలగుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

కాగితం మీద నేను రాసినట్టు లెక్క తప్పన్నది అబద్ధమే. లెక్క సరిగ్గానే ఉంది. తప్పు మాత్రం నాదే, అబద్ధం చెబుతున్నాననుకుంటూ ఆ ఒక్క ముక్క నిజం రాశాను. ఇన్నేళ్ళూ త్యాగం చేసినవాడిలా కుమిలిపోయాను. ప్రసాద్ నాకు చెప్పలేదని అందరికీ చెప్పాను. నాకు చెప్పడానికి వచ్చిన మనిషి సంగతి ఎవరికీ చెప్పలేదు.

పిల్లరు కొత్త దూలం మీదకు ఎక్కిన రోజు, జాకీలు విప్పుతుంటే ఏసోబూ నేనూ గుంటలో పక్కపక్కన నిలబడి ఉన్నాం. గుంట ఒడ్డున ఎవరూ లేరు. అతను గోడవైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"ఆ రోజు చెబుదామనే వచ్చానండి. తమరు పనిలో ఉన్నారు."

నేను పనిలో లేను. చేతిలో అక్షింతలు పట్టుకుని ఊరికే నిలబడి ఉన్నాను. అది ఏసోబుకు తెలుసు. తెలిసే అలా అన్నాడు.